'ఎందుకంటే' నేర్చుకున్న ఏడాది

హన్మకొండలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లు తెలుగు చెప్పాను. ఇప్పుడు అదే కాలేజీలో, అదే మేడ మీది గదిలో ఫ్రెంచ్ చెబుతున్నాను. ఈ మాట అంటే కొత్తవాళ్లు ముందు నవ్వుతారు. నేనూ నవ్వేస్తాను. ఎలా జరిగిందో చెప్పాలంటే ఒక ఏడాది సంగతంతా చెప్పాలి. నిలబడి వినేంత తీరిక ఎవరికుంటుంది? అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

ఇంటర్‌లో ఇంగ్లిష్ కాక ఇంకో భాష తీసుకోవాలి. తెలుగు తీసుకుంటే ఎంత బాగా రాసినా మార్కులు కోస్తారనీ, సంస్కృతమో ఫ్రెంచో అయితే నిండుగా పడతాయనీ తల్లిదండ్రుల నమ్మకం. అందులో కొంత నిజం లేకపోలేదు. ఏటికేడు నా తరగతిలో బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయి. ఒక ఎండాకాలం, అడ్మిషన్లు మొదలయ్యే ముందు, ప్రిన్సిపాల్ నన్ను తన గదికి పిలిచారు. ఆయన మంచి మనిషే. కూర్చోమని టీ తెప్పించారు. ఫ్యాన్ నా వైపు తిప్పారు.

"మేడమ్, ఫ్రెంచ్ సారు హైదరాబాద్ పోతాండు. ఇంకో మనిషి దొరుకుతలేడు. మీరు లాంగ్వేజ్ మనిషి, మీకు ఇంకో లాంగ్వేజ్ ఎంత పని? ఈ సెలవులల్ల మొదలు పెట్టుండ్రి. పిల్లలకంటే నాలుగు పాఠాలు ముందుంటే సాలు," అన్నారు. తరువాత, మర్యాద కోసం కాబోలు, మీరేమంటారని కూడా అడిగారు.

మీ ఇష్టం సార్ అన్నాను.

మెట్లు దిగి కిందికి వచ్చాను. ఉద్యోగం పోనందుకు సంతోషించాలో, నేను ఇష్టంగా చెప్పిన పద్యాలూ సంధులూ ఇక ఎవరికీ అక్కర్లేదని తేలినందుకు బాధపడాలో తెలియలేదు. ఆయన అడిగారు కదా, ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు కదా అన్న ఆలోచన మాత్రం రాలేదు. పెద్దవాళ్లు అడిగితే 'మీ ఇష్టం' అనడం మా ఇంట్లోనూ, మా వీధిలోనూ, మా స్టాఫ్ రూములోనూ అందరూ చేసే పనే. అది జవాబు కాదని ఎవరూ అనుకోరు.

ఫ్రెంచ్ నేర్పేవాళ్ల కోసం వాకబు చేస్తే, కాజీపేటలో రైల్వే కాలనీ పక్కన ఒక పెద్దావిడ ఉన్నారని తెలిసింది. ఆవిడది యానాం. చిన్నప్పుడు అక్కడా, ఆ తరువాత పాండిచ్చేరిలోనూ ఫ్రెంచ్‌లోనే చదువుకున్నారట. భర్తది రైల్వే ఉద్యోగం కావడంతో ఇటు వచ్చారు. ఆయన పోయాక కూడా ఈ ఊరు అలవాటైపోయి ఇక్కడే ఉండిపోయారు. నేను వెళ్లి నా సంగతి చెప్పినప్పుడు ఆవిడ నవ్వలేదు. తెలుగు టీచరుకు ఫ్రెంచ్ చెప్పడం తనకు గౌరవమని అన్నారు. రోజూ ఎండ తగ్గాక స్కూటీ మీద వెళ్లేదాన్ని. ముందు గదిలో ఒక టేకు బల్ల, అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. కిటికీలోంచి రైళ్లు మలుపు తిరిగే చప్పుడు వినిపిస్తూ ఉండేది.

మొదట్లో ఆవిడ తెలుగే నాకు పరాయి భాషలా ఉండేది. రండమ్మా, కూర్చోండి, మంచినీళ్లు పుచ్చుకుంటారా అంటూ ప్రతి మాటకూ మర్యాద తగిలించేవారు. మా వైపు అత్తనైనా మామనైనా నువ్వు అనే పిలుచుకుంటాం. ఫ్రెంచ్‌లో నువ్వుకూ మీరుకూ తేడా చెప్పిన రోజున ఆవిడ తన సంగతి ఒకటి చెప్పారు. ఈ ఊరికొచ్చిన కొత్తలో కూరగాయలమ్మే ఆమె, నీకేం గావాలె అక్కా అని అడిగితే, తనను చులకన చేసిందనుకుని ఇంటికొచ్చి ఏడ్చారట. ఆ నువ్వులో ఎంత దగ్గరితనం ఉందో తెలియడానికి చాన్నాళ్లు పట్టిందట. "మాట అదేనమ్మా. వినడం నాకు రాలేదు అప్పటికి," అన్నారు.

పలకరింపులు, పేర్లు, బజారు మాటలు అయ్యాయి. బోఁజూర్ అంటే నమస్కారం, స వా అంటే ఎలా ఉన్నావు. రాసేది ఒకటీ పలికేది ఒకటీ కావడం నాకు మింగుడుపడేది కాదు. ప్రతి అక్షరానికీ దాని విలువ ఇచ్చి పలకాలని పిల్లలకు నేర్పినదాన్ని. పదం చివర నాలుగు అక్షరాలు రాసి, ఒక్కటీ పలకకుండా వదిలేయడం ఆ అక్షరాలకు అన్యాయం చేసినట్టు అనిపించేది. ఆవిడతో ఆ మాటే అంటే, అవి పలకవు గానీ ఉన్నాయి కదండీ, చాలా ఇళ్లల్లో మనుషులు అలాగే ఉంటారు అన్నారు. ఆవిడ ఎందుకలా అన్నారో అప్పుడు పట్టించుకోలేదు.

అభిప్రాయాలు చెప్పే పాఠం ఒక టీతో మొదలైంది. ఆవిడ టీ ఇచ్చి, ఎలా ఉందని ఫ్రెంచ్‌లో అడిగారు. నాకు వచ్చిన మాటల్లోంచి ఏరుకుని సె బోఁ, బాగుంది అన్నాను. ఆవిడ ఊరుకోలేదు. పుర్క్వా అన్నారు. ఎందుకు?

టీ ఎందుకు బాగుందని నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. బాగుందంటే బాగుంది, అంతే. పైగా నిజానికి అది బాగాలేదు. చక్కెర చాలా ఎక్కువైంది. నేను తడబడుతుంటే ఆవిడ వివరించారు. ఫ్రెంచ్‌లో అభిప్రాయం చెబితే అది ఒంటికాలి మీద నిలబడదు, పక్కన పార్స్‌క అనే మాట రావాలి. పార్స్‌క అంటే ఎందుకంటే. అది రాకపోతే అవతలివాళ్లు ఎదురుచూస్తూనే ఉంటారు. మీరు మాట పూర్తి చేయలేదనుకుంటారు.

నేను కప్పు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ తొందరపెట్టలేదు. చివరికి, తల ఎత్తకుండానే, ఈ టీ నాకు నచ్చలేదు, ఎందుకంటే చక్కెర ఎక్కువైంది అని ముక్కలు ముక్కలుగా ఫ్రెంచ్‌లో చెప్పాను. ఒక ముసలావిడ ప్రేమగా ఇచ్చిన టీ గురించి అలా అన్నందుకు చెవులు వేడెక్కాయి. ఆవిడ ముఖం మాత్రం వెలిగిపోయింది.

"ఇదిగో, ఇవాళ మీరు మాట్లాడారమ్మా. ఇన్నాళ్లూ అప్పజెప్పారు," అన్నారు.

ఆ తరువాత ఆవిడ నాకు వరసగా మాటలిచ్చారు. ఆ మొనావీ, అంటే నాకు తోచేదేమిటంటే. స దెపాఁ, అంటే అది సందర్భాన్ని బట్టి. బోఫ్ అని ఒక మాట ఉంది. దానికి అర్థం చెప్పడం కష్టం. పెదవి విరిచి భుజాలు ఎగరేస్తే వచ్చే శబ్దం. మా ఇళ్లలో 'ఏమో' అంటారే, దాదాపు అదే. అన్నిటికంటే పెద్దది ఝ న సుయి పా దకోర్. నేను ఒప్పుకోను. దాన్ని పలకడానికి నాకు రెండు మూడు రోజులు పట్టింది. నోరు తిరగక కాదు. ఆ మాట వెనక నిలబడటం అలవాటు లేక.

ఒకరోజు నేను రాసింది చూసి ఆవిడ పా మాల్ అన్నారు. పదాలుగా విడదీస్తే 'చెడ్డగా లేదు' అని వచ్చింది. ఇంత కష్టపడితే చెడ్డగా లేదనడమేమిటని మనసు చివుక్కుమంది. ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు. చాలా రోజుల తరువాత మాటల్లో బయటపడింది, ఫ్రెంచ్‌వాళ్లు పా మాల్ అన్నారంటే అది మెచ్చుకోవడమేనని. ఆవిడ నన్ను చాలా మెచ్చుకున్నారన్నమాట, నేనేమో అన్నం మానేశాను. మనం 'పర్వాలేదు' అన్నప్పుడు కూడా అంతే కదా. గొంతును బట్టి అది మెచ్చుకోలూ కావచ్చు, తీసిపారేయడమూ కావచ్చు. మాట ఒక్కటే తెలిస్తే సరిపోదని ఆ రోజు అర్థమైంది.

అభిప్రాయాల పాఠానికి ఆవిడ ఒక ఇంటిపని పెట్టారు. రోజూ ఇంట్లో ఎవరినైనా ఒక విషయం మీద అభిప్రాయం అడగాలి, ఎందుకో కూడా అడగాలి, దాన్ని ఫ్రెంచ్‌లోకి మార్చి తీసుకురావాలి.

మా ఇల్లు కొత్తవాడలో. మా ఆయనకు నూలు దుకాణం ఉంది. పొద్దంతా బేరాలతో నోరు నొప్పి పుట్టి వస్తారు, ఇంట్లో మాట్లాడటానికి ఓపిక ఉండదు. మిగిలింది అత్తమ్మ. ఆమె వయసులో ఉన్నప్పుడు జంపఖానాలు నేసేది. మోకాళ్లు పట్టేశాక మగ్గం గుంటలో దిగడం మానేసింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ ఆమెను అనలేదు. చుట్టుపక్కలవాళ్లు మమ్మల్ని చూపించి తమ కోడళ్లకు చెప్పేవాళ్లు. ఆమెకు నచ్చనిది జరిగితే గిన్నె కింద పెట్టే చప్పుడులో తెలిసేది. నాకు నచ్చనిది జరిగితే నేను బట్టలు ఉతకడానికి పోయేదాన్ని. అలా సర్దుకుపోయాం.

మొదటిరోజు ఆమె పక్కన కూర్చుని, అత్తమ్మా, ఇవాళ్టి పప్పు నీకెట్ల అనిపించింది అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసి, ఏమో అంది. నేను బోఫ్ అని రాసుకుని తీసుకెళ్లాను. యానాం ఆవిడ అది చూసి పకపకా నవ్వి, ఒప్పుకున్నారు గానీ, రేపు ఇంకోటి తేవాలి అన్నారు. రెండోరోజూ ఏమో. మూడోరోజు నాకు ఇంటిపని పూర్తి కావాలి, పార్స్‌క కావాలి. అత్తమ్మా, ఇది నా చదువు కోసం, నువ్వు నిజం చెబితేనే నాకు పాఠం వస్తది అని బతిమాలాను.

ఆమె కాసేపు గోడకేసి చూసింది. తరువాత, టీవీ అక్కడ పెట్టుడు నాకు నచ్చలే అంది. ఎందుకని అడిగితే, నా మంచం కాడ్నుంచి చూస్తే మెడ నొస్తాంది అంది. ఆ టీవీ అక్కడ పెట్టి ఎన్నాళ్లయిందో. ఆమె ఎప్పుడూ అనలేదు. ఆ రాత్రే మా ఆయనకు చెబితే, ఆయన ఆశ్చర్యపోయి, మరుసటి పొద్దున దుకాణానికి పోయేముందు టీవీని ఇంకో గోడకు మార్పించారు. అత్తమ్మ మంచం మీద కూర్చుని అటు ఇటు తల తిప్పి చూసుకుంది. ఆ సాయంత్రం నేను అడగకముందే, ఇవ్వాల ఏమడుగుతవ్ అంది.

అప్పటి నుంచి ఆగలేదు. మా ఆయన తెచ్చే పెసరపప్పు పాతది, ఎందుకంటే ఉడకదు. పక్కింటామె మంచిదే గాని ఆమెతో కూర్చోవడం ఇష్టం లేదు, ఎందుకంటే తన మాటే చెబుతుంది, ఎదుటివాళ్లది వినదు. నాకున్న ఆకుపచ్చ చీర నాకు నప్పదు, ఎందుకంటే నా ముఖం అందులో అలిసినట్టు ఉంటుంది. ఆ చీర నాకు చాలా ఇష్టం. కొంచెం బాధేసింది. అయినా ఫ్రెంచ్‌లోకి మార్చి తీసుకెళ్లాను. అలిసిన ముఖం అనే మాట ఆ రోజు నేర్చుకున్నాను.

వానలు మొదలయ్యాయి, కాలేజీ తెరిచారు. ఒక సాయంత్రం జల్లు పడుతుంటే స్కూటీ తీయలేక ఇంట్లోనే ఉండిపోయాను. ఫ్రెంచ్ పుస్తకం పైకి చదువుతున్నాను. అత్తమ్మ మంచం మీంచి వింటూ ఉంది. నేను పుస్తకం మూశాక, నేను అడగకుండానే, నన్ను పేరు పెట్టి పిలిచింది. మామూలుగా బిడ్డా అంటుంది.

"నువ్ తెలుగు ఇడ్సిపెట్టుడు నాకు మంచిగనిపియ్యలే," అంది.

ఎందుకత్తమ్మా అన్నాను. అలవాటుగా వచ్చిన ఎందుకు కాదు అది. నిజంగా తెలుసుకోవాలనిపించింది.

"రేపటి పాఠం ఇయ్యాల మాపటీలి పైకి సదువుకుంటుంటివి. నేను గీడ కూసోని ఇంటుంటి. నాకు సదువు రాదు గదా. ఆ పద్యాలు, ఆ కతలు అన్నీ నాకు గట్లనే వచ్చినయ్. ఇప్పుడు నువ్ సదివేది నాకు సమజ్ గాదు."

ఏళ్ల తరబడి ఆమె మంచం మీద కూర్చుని పత్తి వత్తులు చేసుకుంటోందనే అనుకున్నాను. ఆమె నా దగ్గర చదువుకుంటోందని నాకు తెలియదు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. కోపం లేకుండా, వాన వైపు చూస్తూ, నువ్వడిగితివా అంది.

ఆ మాటను ఫ్రెంచ్‌లోకి మార్చి తీసుకెళ్లలేదు. మరుసటి రోజు యానాం ఆవిడకు తెలుగులోనే చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ రోజు పాఠం జరగలేదు. ఇద్దరం టీ తాగాం, అంతే. చక్కెర సరిగ్గా ఉంది. ఆ వారం నుంచి ఇంట్లో ఫ్రెంచ్ అయిపోయాక ఒక తెలుగు పాఠం కూడా పైకి చదవడం మొదలుపెట్టాను. అత్తమ్మ మధ్యలో ఆపి, ఆ రాజు చేసింది తప్పు, ఎందుకంటే అని మొదలుపెట్టేది. ఇంతకుముందు ఆమె ఎప్పుడూ ఆపలేదు.

కాలేజీలో మాత్రం వేరే కథ. ఫ్రెంచ్ తరగతి కిటకిటలాడేది. పిల్లలు మంచివాళ్లు, చురుకైనవాళ్లు, ఏది ఇస్తే అది వారంలో నోటికి పట్టేసేవాళ్లు. అభిప్రాయాల పాఠం వచ్చింది. మీ ఊరి గురించి మీ అభిప్రాయం నాలుగు వాక్యాల్లో రాయండి అని బోర్డు మీద రాశాను. ఎవరూ పెన్ను తీయలేదు. ముందు బెంచీలో ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. "మేడమ్, ఏ ఒపీనియన్ రాయాలె?"

నీదేరా అన్నాను. అర్థం కానట్టు చూశాడు. వెనక ఒకరు, మేడమ్ మీరు బోర్డు మీద రాయండి, మేం బైహార్ట్ చేస్తాం అన్నారు. వాళ్లు వేళాకోళం చేయడం లేదు. పరీక్షలో సరైన అభిప్రాయం ఒకటి ఉంటుందనీ, అది రాస్తే పూర్తి మార్కులు పడతాయనీ వాళ్లు నిజంగా నమ్ముతున్నారు. ఇచ్చిన సమయం అయ్యాక కాగితాలు తీసుకుని చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. నా ఊరు అందమైనది, ఎందుకంటే ఇక్కడ కోట ఉంది. నాకు కోట ఇష్టం, ఎందుకంటే అది పాతది.

ఒక్క కాగితం వేరుగా ఉంది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ పొద్దున రైలుకు వచ్చే ఒక అమ్మాయిది. కిటికీ పక్కన కూర్చుంటుంది, పిలిస్తే తప్ప పలకదు. తప్పులతో, కొట్టివేతలతో రాసింది. నాకు కోట ఇష్టం లేదు, ఎందుకంటే అక్కడ ఎండ, నీడ లేదు. నాకు రైల్వే స్టేషన్ ఇష్టం, ఎందుకంటే అక్కడ కూర్చుంటే నన్ను ఎవరూ ఏమీ అడగరు.

మరుసటి రోజు ఆ అమ్మాయిని అడిగి, ఒప్పుకున్నాకే, ఆ కాగితం తరగతిలో చదివాను. కోట నచ్చదన్నందుకు కొందరు నవ్వారు. ముందు బెంచీ అబ్బాయి, కోట ఉన్న ఖిలా వరంగల్‌లోనే ఉండేవాడు, నేను ఒప్పుకోను అని తెలుగులో అంటూ లేచాడు. ఫ్రెంచ్‌లో చెప్పమన్నాను. చెప్పాడు. ఎందుకని అడిగాను. చాలాసేపు ఆలోచించి, కోట గోడ వెనక సాయంత్రం నీడ ఉంటుంది, వాళ్ల తాత అక్కడికే మేకల్ని తోలుకుపోతాడు అన్నాడు. ఆ అమ్మాయి మొదటిసారి అతని వైపు తిరిగి, నేను సాయంత్రం రాలేను, నా రైలు ఉంటుంది అంది. అది కూడా ఒక ఎందుకంటేనే. ఆ రోజు ఇద్దరి వ్యాకరణమూ ఘోరంగా ఉంది. నేను దిద్దలేదు.

ఆ తరువాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముందు తెలుగులో చెప్పాలి, వాళ్లింట్లో మాట్లాడే తెలుగులో. తమకు ఏమనిపిస్తోందో, ఎందుకో. ఆ తరువాతే ఫ్రెంచ్. తెలుగులో లేని అభిప్రాయం ఫ్రెంచ్‌లో ఎక్కణ్నుంచి వస్తుంది?

బతుకమ్మ సెలవుల తరువాత స్టాఫ్ మీటింగు జరిగింది. తెలుగు తీసుకున్నవాళ్లు కొద్దిమందే మిగిలారు. ఒక పార్ట్‌టైమ్ మేడమ్ వచ్చి వాళ్లకు చెప్పి పోతోంది. ఆ పిల్లల్ని కూడా సంస్కృతానికి మార్చేస్తే టైమ్‌టేబుల్ సులువవుతుందని ప్రిన్సిపాల్ చెప్పారు. మీ అందరి అభిప్రాయం చెప్పండ్రి అన్నారు. వరసగా వినిపించింది, మీ ఇష్టం సార్, మీ ఇష్టం సార్. ఆ వరస నా దగ్గరికి వచ్చింది. ఆ క్షణంలో నా నోటికి ముందు వచ్చింది ఫ్రెంచ్ మాటే. లోపల్లోపల దాన్ని ఒకసారి అనుకుని, తెలుగులో పైకి అన్నాను.

"నేను ఒప్పుకోను సార్. ఎందుకంటే నా ఫ్రెంచ్ క్లాసు పిల్లలకు మాటలు వస్తానయ్ గాని, చెప్పడానికి తమదంటూ ఏం లేదు. వాళ్లది వాళ్లు చెప్పుకునేది తెలుగుల. అది ఒక్క గదిలనన్న ఉండాలె."

ప్రిన్సిపాల్ కోప్పడలేదు. ఆశ్చర్యపోయారు. మీరు ఫ్రెంచ్ మేడమ్ కదా, మీకెందుకు ఫికర్ అన్నారు. నేను ఇంకోసారి చెప్పాను, ఈసారి కొంచెం నెమ్మదిగా, స్టేషన్ ఘన్‌పూర్ అమ్మాయి రాసింది కూడా చెప్పాను. ఆయన పెన్ను మూత పెడుతూ తీస్తూ విన్నారు. చూద్దాం అన్నారు. మెట్ల మీద ఫిజిక్స్ సార్ నాతో పాటు దిగుతూ, మాక్కూడా గట్లనే అనిపించింది మేడమ్ అన్నారు. మరి అక్కడే చెప్పొచ్చు కదా సార్ అన్నాను. ఆయన వాచీ చూసుకుని, క్లాసుందంటూ ముందుకు నడిచారు.

పెద్ద విజయమేమీ కాలేదు. ఉన్న పిల్లల్ని మార్చలేదు, రెండో ఏడాది పూర్తయ్యేదాకా తెలుగే చదవనిచ్చారు. మరుసటి ఏడు కొత్తగా తెలుగు తీసుకున్నవాళ్లు ఎవరూ లేరు. పార్ట్‌టైమ్ మేడమ్ తెలుగు చెప్పిన గదిని ఇప్పుడు ల్యాబు సామాన్లకు వాడుతున్నారు. అటువైపు పోయినప్పుడు బాధ కలుగుతుంది. కాకపోతే ఇప్పుడు ప్రిన్సిపాల్ ఏదైనా అడిగేటప్పుడు, మీ ఇష్టం అనకుండా చెప్పండ్రి మేడమ్ అంటారు. అప్పుడప్పుడు నేను చెప్పింది చేస్తారు, ఎక్కువసార్లు చేయరు.

నాకు ధైర్యం ఫ్రెంచ్ వల్ల వచ్చిందా అని తరచూ ఆలోచిస్తాను. ఆ భాషలో ప్రత్యేకమైన మహిమేదో ఉందనుకోను. ఒక్కటి మాత్రం నిజం. తెలుగులో నేను ఒప్పుకోను అనే మాటకు చిన్నప్పటి నుంచీ ఎన్నో అంటుకుని ఉన్నాయి. నాన్న ఎర్రటి చూపు, అమ్మ చేత్తో నోరు మూయడం, ఎదురు మాట్లాడే పిల్లను ఎవరు చేసుకుంటారనే మాట. ఫ్రెంచ్ మాటకు అవేవీ అంటుకుని లేవు. నన్ను ఆ భాషలో ఎవరూ తిట్టలేదు. అందుకే ముందు అక్కడ నిలబడి చూసుకోగలిగాను. తరువాత ఇటు రావడం కొంచెం తేలికైంది.

మొన్న ఒక ఆదివారం యానాం ఆవిడను భోజనానికి పిలిచాను. ఆవిడా అత్తమ్మా కలవడం అదే మొదటిసారి. అత్తమ్మ పొద్దున్నే లేచి, మోకాళ్ల నొప్పి అనకుండా, తన చేత్తో పచ్చిపులుసు చేసింది. భోజనం మధ్యలో, ఎట్లుందక్కా, నిజం చెప్పు అని ఆవిడను అడిగింది. ఆవిడ ముద్ద దించి, ఉప్పూ కారం అమృతంలా ఉన్నాయండి, కానీ నాకు చిన్న బెల్లం ముక్క పడితే ఇంకా బాగుండేదనిపిస్తోంది, ఎందుకంటే పులుపు నాలుక మీద అలాగే నిలిచిపోయింది అన్నారు.

అత్తమ్మ చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. పచ్చిపులుసుల బెల్లమేంది అంది. పులుసులో తీపి ఎందుకు పడకూడదో చెప్పింది. ఆవిడ ఎందుకు పడాలో చెప్పారు. చింతపండు కొత్తదా పాతదా, నీళ్లు ఎన్ని, ఉల్లిగడ్డ ఎప్పుడు వేయాలి, అన్నీ వచ్చాయి. మా ఆయన మజ్జిగ పోసుకుని తొందరగా లేచిపోయారు. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగి, నువ్వు చెప్పు అని ఒకరు, మీరు చెప్పండమ్మా అని ఒకరు అడిగారు.

నేను ఇన్నాళ్లుగా కాజీపేటలో ఆవిడ చేసే బెల్లం పులుసు తింటూ వచ్చాను. నాకు బెల్లం వేసిందే నచ్చుతది అత్తమ్మా అన్నాను.

ఆమె ఆ మధ్యాహ్నమంతా నాతో మాట్లాడలేదు. యానాం ఆవిడ వెళ్లేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, మళ్లా రా అక్కా అని పంపింది గానీ, నా వైపు చూడలేదు. నేను గిన్నెలు తోముకుంటూ, చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను. సాయంత్రం టీ ఇచ్చాక కప్పు అందుకుని, మంచం మీద పక్కకు జరిగి నాకు చోటు చూపించింది.

"నీకు గట్ల ఎందుకనిపిస్తదో జర మంచిగ చెప్పు," అంది.

కూర్చుని చెప్పాను. ఆమె మొత్తం విని, ఒప్పుకోలేదు.